అమెరికా ఖజానా గురించి హయత్‌నగర్‌లో దిగులుపడండి

పిల్లల్ని పై చదువులకు అమెరికా పంపాలనుకుంటున్నారా? అయితే, ఒక మనిషిని వెనక్కి పంపడానికి ఆ దేశం ఎంత ఖర్చు పెడుతుందో ముందు తెలుసుకోండి. యూనివర్సిటీ పేరు, ఫీజు, వీసా స్లాటు అన్నీ దాని తర్వాతే. ఈ మాటంటే హయత్‌నగర్‌లో నా ఈడువాళ్లే ఒప్పుకోవడం లేదు. "వాళ్ల డబ్బు, వాళ్ల విమానం, నీకెందుకయ్యా ఆ లెక్క?" అంటున్నారు. నేను ట్రెజరీలో బిల్లులు పాస్ చేసే సీట్లో పనిచేసినవాణ్ణి. ఏ పనికి ఎంత ఖర్చవుతుందో తెలిస్తే, ఆ పని ముందుగా ఎవరి మీద జరుగుతుందో కూడా తెలుస్తుందని ఆ సీటే నేర్పింది.

కింద చెప్పే సలహాలు కొందరికి తిక్కగా, కొందరికి అపశకునంగా అనిపిస్తాయి. అనిపించినా సరే, పాటించండి.

పరాయి ప్రభుత్వం పద్దులు చదవండి

2025 మే నెలలో అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ తానే ఒక లెక్క బయటపెట్టింది. ఒక మనిషిని పట్టుకుని, నిర్బంధంలో ఉంచి, దేశం దాటించడానికి సగటున 17,121 డాలర్లు అవుతోందట. మన డబ్బుల్లో 14 లక్షల పైమాటే. తనంతట తాను వెళ్లిపోతానని సీబీపీ హోమ్ అనే ప్రభుత్వ యాప్‌లో నమోదు చేసుకుంటే 1,000 డాలర్లు చేతికిస్తామని అదే ప్రకటనలో చెప్పింది. ఎదురు డబ్బిచ్చి పంపినా ఖజానాకు మిగులే అన్నమాట.

ఆ 17 వేలల్లో ఏమేం ఉంటాయో చూడండి. పట్టుకునే అధికారుల జీతాలున్నాయి, కోర్టు ఖర్చుంది, ప్రభుత్వం తరఫు లాయరున్నాడు, చివరికి విమానం ఉంది. డబ్బు నీళ్లలా పోయేది మాత్రం నిర్బంధ కేంద్రంలో మంచం దగ్గర. ఒక్క మనిషిని ఒక్క రోజు ఉంచడానికి 152 డాలర్లని, ఈ పట్టుకునే, పంపే పని చూసే ఐస్ సంస్థే 2024 ప్రాంతంలో చెప్పింది. అదే మనిషిని బయటే ఉంచి, ఫోన్ యాప్‌తోనో కాలికి కట్టిన పరికరంతోనో కనిపెట్టుకుని ఉంటే రోజుకు 4 డాలర్ల 20 సెంట్లు కూడా దాటదని చెప్పిందీ ఆ సంస్థే. నా సీటుకు ఇలాంటి రెండు అంచనాలు పక్కపక్కన వస్తే రెండోది ఎందుకు వదిలేశారో రాతపూర్వకంగా వివరణ అడిగేవాణ్ణి.

విమానాల సంగతీ అంతే. ఐస్ అద్దెకు తీసుకునే మామూలు విమానానికి గంటకు 17,000 డాలర్ల ఖర్చని ఆ సంస్థ అధిపతి 2023లో అమెరికా చట్టసభ ముందు చెప్పారు. 135 మందితో ఐదు గంటలు ఎగిరితే మనిషికి 630 డాలర్లు పడుతుంది. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను అమృత్‌సర్‌లో దించింది మాత్రం సీ-17 అనే సైనిక రవాణా విమానం. దాన్ని నడపడానికి గంటకు 28,500 డాలర్లు కావాలి. ఆ నెలలో మన దేశానికి వచ్చిన మూడు సైనిక విమానాలకు ఒక్కోదానికి 30 లక్షల డాలర్లయిందని వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. 104తో భాగిస్తే మనిషికి దాదాపు 29 వేల డాలర్లు, అంటే 25 లక్షల రూపాయలు. హయత్‌నగర్ నుంచి అమెరికా వెళ్లే కుర్రాడు మొత్తం చదువుకు చేసే అప్పు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. ఎంఎస్ డిగ్రీకి పట్టే డబ్బు, ఒక మనిషిని చేతులకు, కాళ్లకు గొలుసులు వేసి కూర్చోబెట్టి తీసుకురావడానికి అయిపోయింది.

2025 జులై 4న సంతకమైన చట్టం నిర్బంధ కేంద్రాలకే 45 బిలియన్ డాలర్లు కేటాయించింది. ఐస్ సంస్థ నిర్వహణకు, సిబ్బందికి ఇంకో 30 బిలియన్ల దాకా ఇచ్చింది. ప్రభుత్వోద్యోగం చేసిన ఎవరినైనా అడగండి, బడ్జెట్ వచ్చాక ఖర్చు పెట్టకుండా ఉండే శాఖ ఉంటుందా అని. మంచాలకు డబ్బిచ్చారు కాబట్టి మంచాలు నిండాలి. అవి నిండాలంటే, తక్కువ శ్రమతో దొరికేవాళ్ల కోసమే ముందు వెతుకుతారు.

తక్కువ శ్రమతో దొరికేవాళ్లు ఎవరంటే మన పిల్లలే. ఎడారి దాటి దొంగదారిన వెళ్లినవాడి ఊరేదో, పేరేదో తేల్చడానికే నెలలు పడుతుంది. మన విద్యార్థి పేరు, పాస్‌పోర్ట్ నంబరు, కాలేజీ, అద్దె ఇంటి చిరునామా అన్నీ సెవిస్ అనే కంప్యూటర్ రికార్డులో ఉంటాయి. ఇల్లు మారితే పది రోజుల్లోగా చెప్పాలని రూలు, మనవాడు చెబుతాడు కూడా. పాస్‌పోర్ట్ చేతిలోనే ఉంటుంది, భారత ప్రభుత్వం తన పౌరుణ్ణి తీసుకోను అనదు, హైదరాబాద్‌కు మామూలు విమానాలు రోజూ ఉన్నాయి. పంపే శాఖ వైపు నుంచి చూస్తే ఇంతకన్నా చవకైన కేసు లేదు. 2025 ఏప్రిల్‌లో 4,700 మందికి పైగా విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు ఒక్కసారిగా రద్దు చేసినప్పుడు మన దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో కూడా నిద్ర కరువైంది. కోర్టుల్లో వరసగా కేసులు పడేసరికి నెల తిరగకుండానే వాటిని పునరుద్ధరించారు. ఒక్క బటన్‌తో వేలమంది స్టేటస్ పోవడం సాధ్యమేనని మాత్రం అందరికీ తెలిసిపోయింది.

ఇంకో సంగతి, ఆ సెవిస్ నడిచేదే పిల్లలు కట్టే ఫీజుతో. ఎఫ్-1 అనే చదువు వీసా మీద వెళ్లే విద్యార్థి ఒక్కొక్కరి దగ్గరా 350 డాలర్లు వసూలు చేస్తారు. తనను కనిపెట్టుకుని ఉండే వ్యవస్థకు మన పిల్లవాడు విమానం ఎక్కకముందే చందా కట్టేశాడు. అక్కడ స్థిరపడి పన్నులు కట్టే తెలుగువాళ్ల డబ్బూ అదే ఖజానాలోకి పోతుంది. కాగితాలు లేనివాళ్లు సైతం 2022లో దాదాపు 97 బిలియన్ డాలర్ల పన్నులు కట్టారని అక్కడి పన్నుల విధానాల సంస్థ ఐటీఈపీ లెక్కగట్టింది. ఇక అది వాళ్ల డబ్బు, మనకేంటి అనడానికి ఏం మిగిలింది?

తిరుగు టికెట్ డబ్బు ముందే వేరుగా దాచండి

"పట్టుకుంటే ఏమవుతుంది, వాళ్లే ఫ్రీగా టికెట్ ఇచ్చి పంపిస్తారు." ఈ సలహా మన బస్తీల్లో తిరిగినంతగా ఇంకేదీ తిరగడం లేదు. ఇది ఎంత తప్పో చెప్పాలంటే ఇమిగ్రేషన్ చట్టంలోకి పోవాలి.

ఎయిర్‌పోర్టులోనే లోపలికి రానివ్వకుండా రిమూవల్ ఉత్తర్వు ఇచ్చి తిప్పిపంపితే ఐదేళ్ల దాకా మళ్లీ అడుగుపెట్టనివ్వరు. లోపల ఉండగా జడ్జి ఉత్తర్వు ఇస్తే పదేళ్లు. రెండోసారైతే ఇరవై ఏళ్లు. దీనికి భిన్నంగా వాలంటరీ డిపార్చర్ అని ఒకటుంది. జడ్జి అనుమతితో, ఇచ్చిన గడువులోగా, సొంత ఖర్చుతో వెళ్లిపోవడం. విచారణ మొదట్లోనే అడిగితే 120 రోజుల దాకా, చివర్లో అడిగితే 60 రోజుల దాకా గడువిస్తారు. అలా వెళ్లినవాడి మీద రిమూవల్ ఉత్తర్వు ఉండదు, ఆ పదేళ్ల నిషేధమూ పడదు. గడువిచ్చాక వెళ్లకపోతే జరిమానా కూడా పడుతుంది. ఇంతకీ దాన్ని వాడుకోవాలంటే టికెట్ డబ్బు కావాలి. సరిగ్గా ఆ డబ్బే మన పిల్లల దగ్గర ఉండదు. చివరి డాలరు కూడా అద్దెకు, ఇక్కడి కిస్తీకి పంపేసి ఉంటారు. లక్ష రూపాయల టికెట్ కొనలేక పదేళ్ల నిషేధం నెత్తిన వేసుకోవడాన్నే మనవాళ్లు "ఫ్రీ" అంటున్నారు.

అందుకే వీసా వచ్చిన వారంలోనే లక్షన్నర రూపాయలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయండి. తల్లి పేరున వేస్తే మంచిది, తండ్రులు కిస్తీకి కరిగిస్తారు. కుర్రాడికి ఆ మాట చెప్పే పంపించండి. వెళ్లేముందు తిరిగిరావడం గురించి మాట్లాడకూడదని ఇంట్లో పెద్దవాళ్లు కోప్పడతారు. కోప్పడనివ్వండి.

చదువయ్యాక హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తున్నవాళ్లు కూడా ఒకటి తెలుసుకోవాలి. వీసా గడువు తీరకముందే కంపెనీ ఉద్యోగం తీసేస్తే, స్వదేశానికి తిరుగు ప్రయాణం ఖర్చు ఆ కంపెనీయే భరించాలి. ఇది రూలు. అడిగినవాళ్లు నాకింతవరకు పెద్దగా తగల్లేదు. అడగండి.

కన్సల్టెన్సీలో, తిరిగొచ్చినవాళ్ల ఫొటోలు అడగండి

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి ఏ గల్లీలోకి తిరిగినా మొదటి అంతస్తులో ఒక కన్సల్టెన్సీ ఉంటుంది. గోడ నిండా వీసా పట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫొటోలుంటాయి. "మీరు పంపినవాళ్లలో ఎంతమంది ఎయిర్‌పోర్ట్ నుంచే తిరిగొచ్చారు, ఏ కాలేజీ పేరు మీద?" అని అడగండి. మొహం మాడ్చుకున్నా జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవొద్దు. ఇది మర్యాద కాదని పక్కవాళ్లు అంటారు. 20 లక్షల వ్యవహారంలో ఇంత మర్యాద చాలు.

ఎందుకంటే ఇది పాత కథ. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. అందులో చేరిన దాదాపు 1,500 మందిలో ఎక్కువమంది భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో కాలర్లు కట్టారు. విదేశాంగ మంత్రి ఎస్.ఎం.కృష్ణ అభ్యంతరం చెప్పేదాకా వెళ్లిందది. యూనివర్సిటీ యజమానికి 2014లో పదహారున్నరేళ్ల జైలు పడింది. 2015 డిసెంబరులో కాలిఫోర్నియాలోని రెండు కాలేజీలకు వెళ్లేవాళ్లను అక్కడి నుంచి తిప్పిపంపుతున్నారని ఎయిరిండియా మన శంషాబాద్‌లోనే 19 మందిని విమానం ఎక్కనివ్వలేదు. 2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోల నుంచి ఒక్కరోజులో 21 మంది తిరిగొచ్చారు, ఎక్కువమంది మన రెండు రాష్ట్రాలవాళ్లే.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఫార్మింగ్టన్. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ పేరుతో బోర్డు పెట్టింది హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్లే. క్లాసుల్లేవు, లెక్చరర్లు లేరు, మారువేషంలో ఉన్న ఏజెంట్లు మాత్రం ఉన్నారు. మూడు నెలలకు దాదాపు 2,500 డాలర్ల ఫీజు వసూలు చేశారు. 600 మంది చేరారు. 2019 జనవరి చివర పట్టుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు, అత్యధికులు తెలుగువాళ్లు. ఆ ఏడాది చివరికి పట్టుబడ్డవాళ్లు 250 దాకా చేరారు. వాళ్లలో అత్యధికులు సొంత టికెట్‌తో వాలంటరీ డిపార్చర్ కింద వచ్చేశారు.

దీన్ని బిల్లులు పాస్ చేసే మనిషిగా చూస్తాను. ప్రభుత్వం పన్నుల డబ్బుతో ఆఫీసు అద్దెకు తీసుకుంది, వెబ్‌సైటు నడిపింది, ఏజెంట్లకు ఏళ్ల తరబడి జీతాలిచ్చింది. ఇక్కడి ప్లాట్లు తాకట్టు పెట్టి పంపిన డబ్బును ఫీజుగా తీసుకుంది. తర్వాత అదే పిల్లల్ని రోజుకు నూటయాభై డాలర్ల మంచాల మీద పడుకోబెట్టింది. రెండు చోట్లా ఖర్చయింది ప్రజల డబ్బే, రెండు దేశాల ప్రజలది. ఫీజు వాపసు ఇవ్వమని ఒక విద్యార్థి వేసిన దావాను కింది కోర్టు కొట్టేస్తే, దాన్ని విచారించాల్సిందేనని 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. మొదటి రోజు నుంచే బయట ఉద్యోగం చేసుకోవచ్చనే డే-1 సీపీటీ ఆశే ఆ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లింది. వాళ్లు తెలిసే చేరారని ప్రాసిక్యూటర్లు వాదించారు. అయినా, తెలియక చేరినవాడికి తెలుసుకునే దారి ఏముంది? ఆ కాలేజీ పేరు ప్రభుత్వ గుర్తింపు జాబితాలోనే ఉంది.

కాబట్టి కాలేజీ పంపే ఐ-20 కాగితం వచ్చిన రోజు తండ్రీ కొడుకులు కూర్చుని మొదటి పేజీ చదవండి. ఎడమపక్క ఏడాదికి అయ్యే ఖర్చులుంటాయి, ట్యూషన్ ఇంత, జీవన వ్యయం ఇంత అని. కుడిపక్క ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఉంటుంది. మన ఇళ్లలో కుడిపక్క అంకెను ఇంట్లోవాళ్లే గుర్తుపట్టరు. కమీషన్ తీసుకుని నాలుగు రోజులు అకౌంట్లో డబ్బు చూపించిన ఫైనాన్సర్ లెక్క అది. దాని కింద సంతకం మాత్రం మీ కుర్రాడిది. ఆ అంకె నిజం కాకపోతే, అక్కడ దిగిన మూడో నెలలోనే వాడు ఏదో స్టోర్‌లో క్యాష్ మీద పనికి నిలబడతాడు. ఎఫ్-1 మీద అనుమతి లేకుండా బయట పని చేస్తే స్టేటస్ పోతుంది. దాని తర్వాతి మెట్టే 17,121 డాలర్ల పద్దు.

"ఎలాగోలా నెట్టుకురా" అనకండి

రాత్రి భోజనాలయ్యాక వచ్చే ఫోన్ ఎలా ఉంటుందో హయత్‌నగర్‌లో అందరికీ తెలుసు. అక్కడ పొద్దున. "నాన్నా, కొంచెం ప్రాబ్లమ్ ఉంది" అంటాడు. ఇవతల తండ్రికి పెద్ద అంబర్‌పేటలో బ్యాంకుకు తనఖా పెట్టిన నూటయాభై గజాల ప్లాటు కళ్ల ముందు తిరుగుతుంది. ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకు బ్యాంకు సాధారణంగా ఆస్తి తనఖా అడుగుతుంది కాబట్టి ఈ ప్లాటు కథ ఇంటింటా ఉంది. "ఒక్క ఏడాది ఎలాగోలా నెట్టుకురా బేటా, అప్పు తీరాక చూద్దాం" అంటాడు. తండ్రి ప్రేమతోనే అంటాడు. ఈ ఒక్క మాటే కుర్రాణ్ణి స్టేటస్ లేని మనిషిగా మారుస్తుంది.

మీరు అడగాల్సింది వేరే. "కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్ఓను కలిశావా? స్టేటస్ పోయి ఎన్నాళ్లయింది?" అని అడగండి. చేజారింది ఇటీవలే అయితే రీఇన్‌స్టేట్‌మెంట్‌కు, అంటే స్టేటస్ పునరుద్ధరణకు, దరఖాస్తు పెట్టుకునే వీలుంది. సాధారణంగా ఐదు నెలల్లోపే పెట్టాలి కాబట్టి, సంక్రాంతికి చెబుదాం, దసరాకు చెబుదాం అని దాచితే ఆ తలుపు మూసుకుపోతుంది. లైసెన్సున్న ఇమిగ్రేషన్ లాయర్‌కు ఫీజు కట్టడానికి వెనకాడకండి. డిటెన్షన్‌లో ఉంటే, లాయర్ చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని చెప్పండి. దారి లేదని లాయర్ తేల్చితే, ఆ ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి టికెట్ కొనండి.

గల్ఫ్‌కు పోయిన మన జగిత్యాల, సిరిసిల్ల మనుషుల దగ్గర ఈ విషయంలో నేర్చుకోవాల్సింది ఉంది. కంపెనీ వదిలి ఖల్లివల్లి అయినవాళ్లు, అంటే కాగితాలు లేకుండా మిగిలినవాళ్లు కూడా ఆమ్నెస్టీ ప్రకటించిన రోజు నుంచే ఎంబసీ ముందు ఔట్‌పాస్ కోసం వరస కడతారు. 2018లో కువైట్, అదే ఏడాదీ మళ్లీ 2024లోనూ యూఏఈ క్షమాభిక్ష ఇచ్చాయి. వెతికి పట్టుకుని జైల్లో పెట్టి తిండి పెట్టడం కన్నా జరిమానా మాఫీ చేసి పొమ్మనడమే ప్రభుత్వానికి చవక. మనిషికి కూడా అదే గౌరవం. అమెరికా యాప్‌లో చూపించిన 1,000 డాలర్లు కూడా ఆ లెక్కలోదే అయినా, అక్కడి చట్టం చిక్కులు వేరు, లాయర్‌ను అడగకుండా ఆ యాప్ ముట్టుకోవద్దు.

తిప్పిపంపినవాళ్ల సంకెళ్ల వీడియోలు ఫార్వర్డ్ చేయడం ఆపండి. కింద "దేశం పరువు తీశారు" అని రాయడం అసలే వద్దు. ఆ వీడియోలో వెనక్కి తిరిగి నిలబడిన పిల్లవాడి ఇంట్లో కూడా వాట్సాప్ ఉంది.

మన ప్రభుత్వాన్ని కూడా లెక్క అడగండి

2009 నుంచి 2025 ఆరంభం దాకా అమెరికా 15 వేల మందికి పైగా భారతీయులను తిప్పిపంపిందని విదేశాంగ మంత్రి జైశంకర్ రాజ్యసభలో చెప్పారు. ఈ పదహారేళ్లలో మన వైపు ఎంత ఖర్చయిందో కూడా ఎంపీలతో అడిగించండి. విదేశాల్లో చిక్కుకున్నవాళ్లకు టికెట్లు కొనడానికి, శవాలను తేవడానికి 2009లో పెట్టిన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. అందులోకి వచ్చే డబ్బు ఎక్కువగా వీసా, పాస్‌పోర్ట్ లాంటి కాన్సులర్ సేవల మీద వసూలు చేసే అదనపు రుసుమే.

ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. చదువుకు పంపే కన్సల్టెన్సీ ఆ చట్టం పరిధిలోకి రాదు. పంజాబ్‌లో 2012లోనే ప్రత్యేక చట్టం తెచ్చి ట్రావెల్ ఏజెంట్లకు, కన్సల్టెన్సీలకు లైసెన్సు పెట్టారు. ఎల్బీనగర్ ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లినప్పుడు రోడ్డు, నాలా అడిగాక ఇది కూడా అడగండి. కన్సల్టెన్సీ దగ్గర డిపాజిట్ తీసుకుని, దొంగ కాలేజీకి పంపితే అందులోంచి టికెట్ డబ్బు మినహాయించేలా చట్టం కావాలని అడగండి. తప్పు చేసినవాడి జేబులోంచి ఖర్చు రాబట్టడం ఏ ట్రెజరీకైనా మొదటి పాఠం. నాకు తెలిసి, డిపోర్టేషన్ ఖర్చులో పైసా కూడా కట్టనివాడు, పంపిన ఏజెంటు ఒక్కడే.

తిరిగొచ్చాక ఏం చేయాలి

శంషాబాద్‌కు ఇద్దరు వెళ్లండి, చాలు. కుటుంబమంతా వెళ్లి ఏడవొద్దు. ఇంటికి రాగానే "అసలేం జరిగింది" అనే విచారణ మొదలుపెట్టొద్దు, వాడు అప్పటికే ఇద్దరు ముగ్గురు అధికారుల ముందు అది చెప్పి వచ్చాడు. వీధిలో అడిగినవాళ్లకు "వచ్చాడు" అని చెప్పండి. సెలవుకు వచ్చాడనే అబద్ధం ఆడితే, దాన్ని నిలబెట్టడానికి వాడు నెలల తరబడి గదిలోంచి బయటికి రాడు.

మొదటి వారంలోనే బ్యాంకుకు వెళ్లి మేనేజర్‌ను కలవండి. కిస్తీలు తప్పి ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయ్యాక వెళ్తే ఆయన చేతిలో ఏమీ ఉండదు. ముందే వెళ్తే వ్యవధి పెంచమని, కిస్తీ తగ్గించమని రాతపూర్వకంగా అడగొచ్చు. కాలేజీకి ఈమెయిల్ పెట్టి, చదివిన సెమిస్టర్ల ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించండి, చదవని సెమిస్టర్ ఫీజు వాపసు అడగండి. రిమూవల్ కాగితాలన్నీ, ఒక్కటి కూడా పారేయకుండా, స్కాన్ చేసి దాచండి. ఐదేళ్ల తర్వాత వీసా ఫారం నింపినా, చాలా దేశాల ఫారాల్లో ఎక్కడి నుంచైనా తిప్పిపంపారా అనే గడి ఒకటి ఉంటుంది. ఆ గడిలో అవును అనే రాయించండి, కాగితాలు జతచేయించండి. రాయొద్దని దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరైనా సలహా ఇస్తే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.